రైలు దిగాక ఏం జరిగిందో రాయి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ యానిమేషన్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. లిథువేనియా రచయిత్రి దాలియా గ్రింకెవిచ్యూటె జీవితాన్ని ఎంచుకున్నందుకు నిజంగా సంతోషం. అయితే ఆమె తిరిగి సొంత ఊళ్ళో రైలు దిగడంతో నువ్వు కథ ఆపేశావు. అక్కడే నాకు మనసు చివుక్కుమంది.

దివిసీమ ఉప్పెన మీద రాసిన కథలో నేనూ ఇదే పని చేశాను. మనిషిని గట్టు మీదికి చేర్చి, ముగించేశాను. అది చదివిన ఒకావిడ, "గట్టెక్కిన మర్నాడు ఏం వండుకున్నామో రాయలేదేం బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

1941 జూన్ 14న సోవియట్ అధికారులు లిథువేనియాలో ఇళ్ళ మీద పడ్డారు. కొద్ది రోజుల్లోనే సుమారు 17,000 మందిని గూడ్సు పెట్టెల్లో కుక్కి పంపేశారు. కౌనాస్‌లో ఉంటున్న దాలియాకి అప్పుడు పద్నాలుగేళ్ళు. తండ్రిని విడదీసి, తల్లినీ అన్ననీ ఆమెనీ సైబీరియాలోని ఆల్టాయ్‌కి తోలారు. మరుసటి ఏడాది ఇంకా ఉత్తరాన, లేనా నది సముద్రంలో కలిసేచోట ఉన్న త్రోఫిమోవ్‌స్క్‌కి. ఇంతవరకూ బాగానే రాశావు. కాకపోతే ప్రతి సీన్లోనూ మంచు తుఫానే. చూసేవాళ్ళకి రెండు నిమిషాల్లో ఆ చలి అలవాటైపోతుంది. తాడు భుజానికి తగిలించుకుని దుంగ లాగే పిల్లని దగ్గరగా చూపించు. తాడు ఒరుసుకుపోయిన చోట కోటు పీలికలై ఉండాలి. తుఫాను శబ్దం వినిపిస్తే చాలు.

ఇక నువ్వు వదిలేసిన భాగం. 1949లో జబ్బుపడిన తల్లిని తీసుకుని, అనుమతి లేకుండా కౌనాస్ పారిపోయి వచ్చింది. సొంత గడ్డ మీద కన్నుమూయాలని ఆ తల్లి కోరిక. ఇద్దరూ దాక్కుని బతికారు. 1950లో తల్లి పోయింది. శ్మశానానికి తీసుకెళ్తే దొరికిపోతారు. అందుకని ఇంటి నేలమాళిగలో తనే గొయ్యి తవ్వి పూడ్చింది. మంచుదేశంలో అన్నేళ్ళు తవ్విన చేతులే సొంతింట్లో మళ్ళీ తవ్వాయి. అమ్మాయీ, నీ సినిమా గుండెకాయ అదే.

ఆ రోజుల్లోనే జరిగినదంతా విడి కాగితాల మీద రాసి, గాజు సీసాలో పెట్టి తోటలో పాతిపెట్టింది. తర్వాత అరెస్టు చేశారు. విడుదలై వచ్చి వెతికితే సీసా దొరకలేదు. ఏళ్ళ తరబడి ఆగి, 1970లలో మొత్తం మళ్ళీ రాసింది, ఈసారి క్లుప్తంగా. 1987లో కన్నుమూసింది. 1991లో పియోనీ పూల పొద దగ్గర ఆ సీసా బయటపడింది. తను పోగొట్టుకున్న కాగితాలు దొరికాయని ఆమెకి తెలియనే తెలియదు. నేనైతే ఆ సీసాతోనే మొదలుపెడతాను. నీకు వేరే దారి తోస్తే అలాగే చెయ్యి.

గొంతు సంగతి మాత్రం ముందు తేల్చుకో. కథ చెప్పేది ఇరవై రెండేళ్ళ పిల్లా, యాభైకి దగ్గరపడ్డ డాక్టరమ్మా? ఆ వయసులో ఆవిడ డాక్టరే. ఇద్దరి మాటా ఒక్కలా ఉండదు. నువ్వు రెండూ కలిపేశావు. పైగా వాయిస్ ఓవర్లో "నేను ఆశ వదులుకోలేదు" అనిపించావు. అది కొట్టెయ్యి. ఆమె అనని మాట ఆమె నోట పెట్టే హక్కు మనకి లేదు.

నేలమాళిగ సీను ఒక్కటే ముందు రాసి పంపు. డైలాగు ఒక్కటీ వద్దు. పార చప్పుడు, పై అంతస్తులో ఎవరో నడుస్తున్న చప్పుడు, ఆమె తవ్వడం ఆపి వినడం. ఎదురుచూస్తుంటాను.