ఎదుటివారు మాట ఇచ్చి వెళ్లిపోయినా స్టేషనులో చెప్పాలా?

మూడు రోజుల కిందట కావలిలో మీ మోటారు సైకిలును మరొక బండి ఢీకొట్టిందనీ, ఆ వ్యక్తి మరమ్మతు ఖర్చు తానే పెట్టుకుంటానని ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదనీ, మెకానిక్ మాత్రం బండి దానంతటదే జారి పడిందని ఇన్సూరెన్సు కంపెనీకి రాసిస్తే సరిపోతుందంటున్నాడనీ మీరు రాశారు. దయచేసి అలా రాసివ్వకండి. మాది ఒంగోలు. 2024 ఆగస్టులో నాకూ ఇంచుమించు ఇదే పరిస్థితి ఎదురైంది.

కొండపి నుంచి టంగుటూరు వైపు వస్తుండగా, మసక చీకటి వేళ, పక్క సందులోంచి ఒక బండి ఒక్కసారిగా రోడ్డెక్కింది. బ్రేకు వేశాను గానీ దాని వెనుక చక్రానికి తగిలి ఇద్దరమూ పడ్డాం. ఆ అబ్బాయి లేచి దుమ్ము దులుపుకుని, "నాకేమీ కాలేదన్నా, ఎవరి బండి వాళ్లు బాగు చేయించుకుందాం" అన్నాడు. నాకూ ఇంటికి పోతే చాలనే ఉంది. వెనుక కూర్చున్న మా బావ ఒప్పుకోలేదు. రెండు బండ్ల నంబర్లూ, అవి పడి ఉన్న తీరూ, రోడ్డు మీది బ్రేకు గుర్తులూ ఫోటోలు తీసి, ఆ రాత్రే స్టేషనుకు తీసుకెళ్లాడు. జరిగింది కాగితం మీద రాసిచ్చాం. హెడ్ కానిస్టేబుల్ దానిని జనరల్ డైరీలో, అంటే స్టేషను రోజువారీ రిజిస్టరులో ఎక్కించి ఎంట్రీ నంబరు ఇచ్చారు. ఇంటికి వచ్చాక కంపెనీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు కూడా తీసుకున్నాను.

మర్నాడు షోరూములో ఒకాయన, రెండో బండి సంగతి ఎందుకు, కుక్క అడ్డొచ్చిందని రాయండి, క్లెయిము త్వరగా వస్తుందని సలహా ఇచ్చాడు. నిజం చెప్పాలంటే రాయబోయాను. స్టేషనులో ఒకటి, ఇక్కడ ఒకటి ఎలా రాస్తావని మా బావ ఆపాడు. మూడో రోజున ఆ అబ్బాయి మణికట్టు వాచి, ఎక్సరేలో ఎముక విరిగినట్టు తేలి, వాళ్ల నాన్న ఫిర్యాదు ఇచ్చారు. నా మీద భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్ల కింద (నిర్లక్ష్యంగా బండి నడపడం, ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం) ఎఫ్ఐఆర్ అయింది. అప్పటికి నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు ఇంకా రాలేదు కాబట్టి బండి విప్పలేదు; రవాణా శాఖ బ్రేకు ఇన్‌స్పెక్టరు దానిని ఉన్నది ఉన్నట్టే చూశారు. నేను కుక్క అని రాసి ఉంటే కంపెనీ చేతిలో ఒకదానికొకటి పొసగని రెండు కాగితాలు ఉండేవి, నా క్లెయిము తోసిపుచ్చడానికి అదొక్కటే చాలేది. అలా కాక, స్టేషనులో చెప్పిందీ కంపెనీకి రాసిందీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావడంతో, ఆ అబ్బాయి పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషనులో నా తరఫున కంపెనీ వకీలే నిలబడ్డారు, రాజీలో సొమ్మూ కంపెనీయే కట్టింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎదుటివాడు మంచివాడే కావచ్చు, ఆ క్షణంలో అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఎముక దెబ్బలు కొన్ని మర్నాటికి గానీ బయటపడవు, ఇంటికి వెళ్లాక పెద్దల మాట వేరుగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా గాయపడితే బండి నడిపినవారు వారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు తెలపాలి, పాలసీ నంబరు, తేదీ, స్థలం, లైసెన్సు వివరాలతో కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. బండి స్టేషనులో పెట్టేసుకుంటారన్న భయంతో చాలామంది వెనకాడతారు. తనిఖీ లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో బండి తిరిగి ఇవ్వాలని అదే చట్టం 136వ సెక్షన్ చెబుతోంది.

మూడు రోజులు గడిచిపోయాయని మీరు దిగులు పడవద్దు. ఆలస్యానికి నిజమైన కారణం ఉంటే, ఆలస్యమైందన్న ఒక్క సాకుతో క్లెయిము తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఆ వ్యక్తి ఖర్చు ఇస్తానన్నాడనీ, అందుకే ఆగాననీ ఉన్న మాటే రాయండి. మీకు ఎక్కడైనా నొప్పి ఉంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, ప్రమాదంలో తగిలిన దెబ్బ అని చెప్పి చీటీలో నమోదు చేయించుకోండి. రేపు పరిహారం అడగవలసి వస్తే ఆ గాయాల సర్టిఫికెట్ లేకుండా పని జరగదు. ఆ పిటిషను ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయించండి.

ఇక డబ్బు విషయం. మీది ఫుల్ ఇన్సూరెన్సు అన్నారు గనుక మీ బండి మరమ్మతు మీ కంపెనీ నుంచే వస్తుంది, కానీ మొత్తం రాదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో సగం తరుగు కింద తీసేస్తారు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తరుగు ఉంటుంది. నాది రెండున్నరేళ్ల బండి. ప్లాస్టిక్ భాగాలకు 4,800, ఇనుప భాగాలకు 6,000, కూలికి 1,800, మొత్తం 12,600 రూపాయల బిల్లయింది. ప్లాస్టిక్ మీద 2,400, ఇనుము మీద 15 శాతం చొప్పున 900, పాలసీదారు భరించవలసిన 100 పోగా 9,200 వచ్చింది. అదనపు ప్రీమియం కట్టి జీరో డిప్రిసియేషన్ అనే సదుపాయం తీసుకుని ఉంటే ఈ తరుగు చాలావరకు ఉండదు, మీ పాలసీలో ఉందేమో చూసుకోండి. క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు పోతుందని మెకానిక్ భయపెట్టవచ్చు. పోయేమాట నిజమే గానీ, అది సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం మీదే గానీ ఎదుటివారి నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం మీద కాదు. మోటారు సైకిలుకు ఆ భాగం చిన్నది కాబట్టి, వేలల్లో దెబ్బ తగిలినప్పుడు బోనస్ కోసం క్లెయిము వదులుకోవడం నాకు సబబనిపించదు.

మీరు రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును కంపెనీ తిరస్కరించినా, దానికి నెలలోపు జవాబివ్వకపోయినా, బీమా తగాదాలు పరిష్కరించే, హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

సర్వేయరు చూసేదాకా బండి విప్పనివ్వకండి. ఫిర్యాదు రెండు ప్రతులు రాసుకుని రేపు ఉదయమే స్టేషనుకు వెళ్లండి, అతని ఫోన్ నంబరూ బండి నంబరూ అందులో ఉండాలి. ఒక ప్రతి మీద ముద్ర వేయించుకుని, అదే ప్రతి నకలు కంపెనీకి జతచేయండి.