ఇచ్చే మందు కాదు, ఆపించే మందు సంగతి చూడండి

"అమెరికాలో రాష్ట్రాలు నేచురోపతి (ప్రకృతి వైద్యం) వాళ్ళ లైసెన్సు నిబంధనలు మారుస్తున్నాయి, మన ఆంధ్రాలో కూడా మార్చాలా?" అని అడిగారు. మార్చాలి. అయితే అందరూ అనేట్టు వాళ్ళు ఏం ఇస్తున్నారన్న దానికి కాదు, ఏం ఆపిస్తున్నారన్న దానికి.

గుంటూరు కొత్తపేటలో నాది మెడికల్ షాపు. ఫారం 20, ఫారం 21 లైసెన్సులు వచ్చినవాళ్ళకి కనపడేలా గోడకి తగిలించాలి. లేకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. ప్రకృతి చికిత్సాలయం గోడకి ఏముండాలో ఎవర్నైనా అడగండి, గాంధీగారి ఫొటో అంటారు.

మా బాబాయి మిర్చి యార్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఓ చికిత్సాలయంలో చేరొచ్చాడు. మట్టి పట్టీలు, తొట్టి స్నానం, ఉప్పు లేని కూర, పొద్దున్నే బూడిద గుమ్మడి రసం. అబద్ధం ఎందుకు చెప్పాలి, మనిషి సన్నబడ్డాడు, షుగర్ దిగింది. ఊరికొచ్చిన రోజే క్యారీ బ్యాగ్ నిండా స్ట్రిప్పులు తెచ్చి కౌంటర్ మీద బోర్లించాడు. "ఒరే, ఇవి వెనక్కి తీసుకుని డబ్బులిచ్చెయ్. ఇక నాకు మందుల్లేవ్" అన్నాడు. అందులో బీపీ మాత్ర అటెనోలాల్ ఉంది, షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ ఉంది. "ఎవరాపమన్నారు బాబాయ్?" అంటే జేబులోంచి మడత కాగితం తీశాడు. నీలం ఇంకుతో "టాబ్లెట్లు ఆపాలి" అని ఒకే ఒక్క ముక్క. కింద పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. చికిత్సాలయం రబ్బరు స్టాంపు మాత్రం గుండ్రంగా, అందంగా పడింది.

అటెనోలాల్ లాంటిది ఉన్నపళంగా మానేస్తే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయని ఎంత చెప్పినా వినలేదు. "నీ వ్యాపారం పోతుందని నీ బాధ" అన్నాడు. వారం తిరక్కుండానే అర్ధరాత్రి పిన్ని ఫోను. గుండె దడ, చెమటలు, తల పగిలిపోతోందట. ఆసుపత్రిలో పడుకోబెట్టి మళ్ళీ అవే మాత్రలు మొదలుపెట్టారు.

నిజానికి ఉపవాసాలు చేసేవాడికి గ్లిమిపిరైడ్ తగ్గించాల్సిందే, లేకపోతే షుగర్ ఠక్కున పడిపోతుంది. అంటే ఆపమనడం మొత్తం తప్పు కాదు. ఏది ఆపాలి, ఏది మెల్లగా తగ్గించాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది తెలిసినవాడు చెప్పాలి. ప్రకృతి వైద్యం, యోగాలో డిగ్రీ, అదే బీఎన్‌వైఎస్, చదివిన పిల్లలకి తెలుసు. నాలుగున్నరేళ్ళ కోర్సు, ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ చదివొస్తారు. వాళ్ళ పక్కనే వారాంతపు సర్టిఫికెట్ పెట్టుకున్నవాడు కూడా 'డా.' అని బోర్డు కడుతున్నాడు. నష్టపోయేది ముందు ఆ పిల్లలే. 2020లో కేంద్రం భారతీయ వైద్యాన్ని నియంత్రించడానికి కొత్త కమిషన్ పెట్టి ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం) చేర్చింది. హోమియోకి విడిగా ఇంకోటి పెట్టింది. ప్రకృతి వైద్యాన్ని, యోగాని రెంట్లోనూ కలపలేదు.

అమెరికా మనకి నమూనా అనుకోకండి. వాషింగ్టన్ రాష్ట్రంలో లైసెన్సున్న నేచురోపతి డాక్టరు మందుల చీటీ కూడా రాయొచ్చు. టెనెసీలో అసలు ప్రాక్టీసే నిషేధం. వాళ్ళ గొడవంతా ఏం ఇవ్వొచ్చు అని. మన దగ్గర ఇచ్చేది మట్టి, నీళ్ళు, పచ్చికూరలు. ప్రాణం మీదకొచ్చేది ఆపించే మందుతోనే. అందుకే నిబంధన అక్కణ్ణుంచి మొదలవ్వాలి: ఇంకో డాక్టరు రాసిన మందు ఆపించాలంటే పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వేసి సంతకం పెట్టాలి, ఆ రాసిన డాక్టరుకి తెలియజేయాలి. సొంత ఊహతో ఆపించినవాడి బోర్డు దింపేయాలి.

కొత్త చట్టాలెందుకు అంటారా? 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్, బీపీ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆటోల వెనకాల 'షుగర్ మాయం' పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. ఎవరు పట్టుకోవాలి? డ్రగ్ ఇన్‌స్పెక్టరా? ఆయనకి మా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఎన్ని డిగ్రీల్లో ఉందో చూడ్డానికే పొద్దు చాలదు.