కెరీర్ ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బీటెక్ సివిల్ చదివి, కొండాపూర్‌లో రెండేళ్లుగా సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ప్రాజెక్ట్ మేనేజర్ కావడానికి వెంటనే పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ పరీక్ష రాయవచ్చునా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే వీలుకాదు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే ఆ పరీక్షకు మీవంటి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు సైతం 36 నెలలు ప్రాజెక్టులను నడిపించిన అనుభవాన్ని, 35 గంటల శిక్షణను చూపించవలసి ఉంటుంది; అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు రెండోది ఇవ్వగలవు గానీ మొదటిది ఇవ్వలేవు. అదే సంస్థ ప్రారంభ స్థాయివారికి నిర్వహించే, అనుభవం అడగని సీఏపీఎం పరీక్షను మాత్రం 23 గంటల శిక్షణతో ఇప్పుడే రాయవచ్చు. అయితే నిర్మాణరంగంలో సర్టిఫికెట్ కన్నా షెడ్యూలు తయారీ, బిల్లుల పరిశీలన, కాంట్రాక్టు నిబంధనలు తెలిసినవారికే విలువ ఎక్కువని నా అభిప్రాయం కనుక, ముందుగా ప్లానింగ్ విభాగానికి మార్చమని మీ పై అధికారిని అడగండి. ఉద్యోగం మాని చదవదలిస్తే, నిర్మాణ నిర్వహణ బోధించే నిక్మార్ విద్యాసంస్థ శామీర్‌పేటలోనే ఉంది.