మంచు తోసే చిన్న బండ్లు, ఉప్పు చల్లే తొట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నిలబడి గానీ కూర్చుని గానీ నడిపే చిన్న మంచు బండ్ల గురించి వచ్చిన ప్రశ్నల్లో అయిదింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాం.

ప్రశ్న: బండికి ఉప్పు తొట్టి ఎలాగూ ఉంది కదా, మంచు తోయకుండా నేరుగా ఉప్పు చల్లేస్తే సరిపోదా? ఈమధ్య బాగా చలి వేసిన రోజున ఎంత చల్లినా కరగలేదు.

జవాబు: సరిపోదండీ. మంచంతటినీ కరిగించడం ఉప్పు పని కాదు. నేలకూ మంచుకూ మధ్య పడిన పట్టును విడగొట్టడమే దాని పని. పైనున్న బరువంతా బండే తోయాలి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. సున్నాకు ఒక డిగ్రీ కింద కిలో ఉప్పు దాదాపు 46 కిలోల మంచును కరిగిస్తుంది. అదే కిలో −7 డిగ్రీల దగ్గర 8 లేదా 9 కిలోలనే కరిగిస్తుంది, −12 దగ్గరికి వచ్చేసరికి 5 కిలోల దాకా పడిపోతుంది. పైగా చలి పెరిగేకొద్దీ కరగడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. అందుకే నేల −9 కంటే చల్లబడితే మామూలు ఉప్పును నమ్ముకోకండి. అక్కడ ఇంకా ఎక్కువ చలిలోనూ మంచును కరిగించే కాల్షియం క్లోరైడ్ వాడాలి, లేదంటే కాలు జారకుండా ఇసుక చల్లాలి.

ఇక్కడ చూడాల్సింది నేల ఉష్ణోగ్రత, గాలిది కాదు. ఎండ తగిలిన కాలిబాట గాలికంటే వెచ్చగా ఉంటుంది, గోడ నీడలోది చల్లగా ఉంటుంది. నేలకు గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి బండిలో ఉంచుకోండి. ముందు నేల కనబడేదాకా తోసి, ఆ తర్వాతే ఉప్పు చల్లండి.

ప్రశ్న: మా కాలిబాటలు 1.5 మీటర్ల వెడల్పు. బండి ముందు బ్లేడు మంచిదా, తిరిగే బ్రష్షా, మంచును దూరంగా ఎగజిమ్మే బ్లోయరా?

జవాబు: మంచు ఎంత లోతు, ఎంత తడి అన్నదాన్ని బట్టి ఉంటుంది. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. తడిసి కుదురుకున్నది 300 దాటుతుంది. పొడి మంచు 5 సెంటీమీటర్ల లోపు ఉంటే బ్రష్‌ను మించింది లేదు. పలకల సందుల్లోది కూడా ఊడ్చేస్తుంది కాబట్టి ఆ తర్వాత ఉప్పు చాలా తక్కువ పడుతుంది. అయితే బ్రష్‌ను నేలకేసి గట్టిగా నొక్కకూడదు. బండిని ఒకచోట నిలిపి, బ్రష్‌ను దించి కాసేపు తిప్పి, పైకెత్తి చూడండి. నేలమీద ఊడ్చిన పట్టీ 5 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అంతకు మించితే పోచలు మొనతో కాక నడుముతో రుద్దుతున్నాయన్నమాట. అలాగైతే ఊడ్చేది తక్కువ, అరిగేది ఎక్కువ.

15 సెంటీమీటర్ల దాకా బ్లేడుతో లాగించవచ్చు. కొనేటప్పుడు చాలామంది ఒక సంగతి మరిచిపోతారు: పక్కకు తిప్పిన బ్లేడు వెడల్పు తగ్గుతుంది. 122 సెంటీమీటర్ల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే శుభ్రమయ్యేది సుమారు 106 సెంటీమీటర్లే. మీ బాటకు రెండు విడతలు తప్పవు. రెండో విడతలో బ్లేడు మొదటిదాని మీదకు ఓ అడుగైనా ఎక్కేలా నడపండి, లేకపోతే నడుమ చిన్న గట్టు మిగిలి రాత్రికి గడ్డకడుతుంది. అంతకంటే లోతైన మంచుకూ, పక్కన పోసుకోవడానికి చోటు లేని బాటలకూ బ్లోయరే.

ప్రశ్న: మంచును లోపలికి లాగే బ్లోయర్ ఆగర్‌లో షియర్ పిన్ మాటిమాటికీ తెగుతోంది. దాని బదులు గట్టి ఉక్కు బోల్టు వేయవచ్చా?

జవాబు: దయచేసి వేయకండి. ఆ పిన్ తెగడానికే ఉంది. అది తెగకపోతే ఆ దెబ్బ గేర్‌బాక్స్‌కు తగులుతుంది, అప్పుడు పోయేది పిన్ కాదు, గేర్లు. తయారీదారు చెప్పిన పిన్నే వాడండి, అదనంగా నాలుగైదు బండిలో పెట్టుకోండి. అసలు కారణం సాధారణంగా అడుగున ఉంటుంది. రెండు పక్కలా నేలమీద జారుతూ ఆగర్ ఎత్తును నిలిపే స్కిడ్ షూలు అరిగి, ఆగర్ ముందంచు నేలను గీరుతూ ఉంటుంది. నున్నటి నేలకు అంచు కింద 3 మిల్లీమీటర్ల సందు ఉంచండి. కంకర బాటకు రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. పని ముగిశాక ఆగర్‌లోని మంచును బయటికి పోనివ్వకుండా బండిని ఆపేసినా ఇదే జరుగుతుంది. రాత్రికి బిగుసుకుపోయి, పొద్దున మీట వేయగానే పిన్ తెగుతుంది.

మరొకటి: పిన్ ఊడదీసినప్పుడు ఆగర్ తన ఇరుసు మీద చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. తుప్పుపట్టి ఇరుసుకు అతుక్కుపోతే పిన్ ఉన్నా లేనట్టే. ఏటా ఒకసారి ఇంజిన్ ఆపి, తాళం తీసి, పిన్‌లు ఊడదీసి, గ్రీజు ఎక్కించి తిప్పి చూడండి.

మంచు ఎగజిమ్మే గొట్టం పూడుకుపోతే చెయ్యి పెట్టకండి. ఇంజిన్ ఆగి ఉన్నా సరే పెట్టకండి. పట్టేసిన రెక్కలో బిగువు దాగి ఉంటుంది, అడ్డు తొలగగానే అది ఒక్కసారిగా తిరుగుతుంది. వేళ్ళు పోయేది అక్కడే. ఇంజిన్ ఆపి, తాళం తీసి, అన్నీ ఆగేదాకా చూసి, పొడుగాటి కర్రతో తీయండి.

ప్రశ్న: ఉప్పు ఎంత పడుతోందో తెలియడం లేదు. ఒకచోట తెల్లగా పేరుకుంటోంది, ఇంకోచోట ఏమీ ఉండటం లేదు. తొట్టిలో కూడా గడ్డకడుతోంది.

జవాబు: తొట్టి కింద ఉప్పు వదిలే తలుపును తెరిచే మీటమీద ఉండే 1, 2, 3 అంకెలకు అర్థం మీరే కట్టుకోవాలి. తొట్టిలో 20 కిలోల పొడి ఉప్పు తూచి పోయండి. ఉప్పు పడే వెడల్పు 1.5 మీటర్లు ఉండేలా పక్క అడ్డుపలకలు సర్దండి. మామూలుగా పనిచేసే వేగంలోనే 100 మీటర్లు నడిపి, మిగిలింది తూచండి. నడిచింది 150 చదరపు మీటర్లు. 3 కిలోలు తగ్గితే చదరపు మీటరుకు 20 గ్రాములు పడినట్టు. 4.5 కిలోలు తగ్గితే 30 గ్రాములు. తలుపు ఒక్కో అంకె దగ్గరా ఇలాగే చేసి, ఆ లెక్క తొట్టికి అంటించుకోండి. నేలమీది తేమ గడ్డకట్టకుండా ముందుజాగ్రత్తకు 10 గ్రాములు చాలు, మంచు కురిసేటట్టుంటే 20 నుంచి 40 గ్రాములు. తోసిన నేలమీద గింజకూ గింజకూ ఏడెనిమిది సెంటీమీటర్ల ఎడం కనబడితే చాలు. చూడటానికి తక్కువే అనిపిస్తుంది, కానీ పని జరుగుతుంది.

తెల్లగా పేరుకునేది మలుపుల దగ్గరే అయి ఉంటుంది. వేగాన్ని బట్టి ఉప్పు తగ్గించే ఏర్పాటు లేని బండి, గంటకు 6 కిలోమీటర్ల నుంచి 3కు తగ్గగానే అదే చోట రెట్టింపు పోస్తుంది. మలుపు రాకముందే తలుపు మూయండి, ఆగే ముందు ఉప్పును చుట్టూ విసిరే స్పిన్నర్ కూడా ఆపండి. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మళ్ళీ తూచి చూడండి, గింజ సైజు మారితే లెక్క మారుతుంది.

గడ్డకట్టడానికి కారణం తేమ. ఉప్పు గాలిలోని తడిని లాక్కుని, తలుపు పైన కమానులా కట్టుకుంటుంది. పైన తొట్టి నిండుగా కనబడుతుంది, కింద స్పిన్నర్ వట్టిగా తిరుగుతుంది. తొట్టికి మూత ఉంచండి. కలియబెట్టే కడ్డీ వంగిందేమో, దాని పిన్ తెగిందేమో చూడండి. పని కాగానే తొట్టిని ఖాళీ చేసి తీరాలి. రాత్రంతా నిలవున్న ఉప్పును పొద్దున గునపంతో పొడిచి తీయాల్సి వస్తుంది. పొడిచేటప్పుడు కూడా ఇంజిన్ ఆగి ఉండాలి.

ప్రశ్న: ఉప్పునీరు ముందే చల్లితే మంచిదంటారు. పాళ్ళు ఎంత? బండికి తుప్పు పట్టదా?

జవాబు: 100 లీటర్ల నీటికి 30 కిలోల ఉప్పు, అంటే తూకంలో సుమారు 23 శాతం. ఆ పాళ్ళలో అది −21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఉప్పు తగ్గినా, పెరిగినా, అంతకంటే ముందే గడ్డకడుతుంది. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే 1.17, 1.18 మధ్య చూపాలి. పొడిగా ఉన్న నేలమీద చదరపు మీటరుకు 25 మిల్లీలీటర్లు, తుంపరగా కాక చారలు చారలుగా పడాలి. వాన పడేటట్టుంటే చల్లకండి, అంతా కొట్టుకుపోతుంది. ఏడాది నిండని కాంక్రీటు మీద ఉప్పునీరైనా, ఉప్పైనా వద్దు, పై పొర పెచ్చులూడుతుంది.

తుప్పు పడుతుంది, సందేహం లేదు. ప్రతి విడత తర్వాతా గోరువెచ్చని నీటితో బండి అడుగు భాగం, స్పిన్నర్ మోటారు చుట్టూ కడగండి. నీటిధారను బేరింగుల్లోకి, కరెంటు తీగల కనెక్టర్లలోకి సూటిగా కొట్టకండి. కనెక్టర్లకు కరెంటును పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. బేరింగులకు కడిగిన తర్వాత గ్రీజు కొట్టండి, లోపల చిక్కుకున్న ఉప్పునీటిని అది బయటికి నెడుతుంది. ఉప్పునీటి పంపులో మంచినీళ్ళు తిప్పాక ఆ నీళ్ళు పూర్తిగా వంచేయండి. ఉప్పునీటికి గడ్డకట్టని పంపు, మంచినీళ్ళు నిలిస్తే ఒక్క రాత్రికే పగులుతుంది.