టవరే ఆగిపోతే యాప్ ఎందుకు?

ప్రశ్న: మాది వేళచ్చేరిలో చిన్న కూరగాయల కొట్టు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు కరెంటు పోయింది, ఫోన్లు పలకలేదు. సరుకు వస్తుందో రాదో తెలియదు. ఉన్నది అమ్ముదామంటే క్యూఆర్ పనిచేయలేదు. స్టాకు, ఆర్డర్లు చూసే యాప్ కొందామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: కొనండమ్మా. అయితే నీళ్లు గుమ్మం దాటాక ఏ యాపూ వంకాయలు తెచ్చిపెట్టదు. దాని పనంతా వానకు ముందే.

నేను చెన్నై కోయంబేడు హోల్‌సేల్ మార్కెట్‌లో ఒక టమాటా మండీలో పద్దులు రాసేవాణ్ణి. 2020 మే 5న కరోనా వల్ల మార్కెట్ మూసేశారు. వారం తిరక్కముందే కూరగాయల అమ్మకం ఊరి బయట తిరుమళిశైకి మార్చారు. వాన పడితే అక్కడి బురద సంగతి అడక్కండి. రైతులకు లారీ కుదిర్చిపెట్టడానికి కేంద్రం ఆ ఏప్రిల్‌లోనే కిసాన్ రథ్ యాప్ తెచ్చింది గానీ, మమ్మల్ని గట్టెక్కించింది మాత్రం వాట్సాప్. మదనపల్లెలో లోడు ఎత్తగానే డ్రైవరు లైవ్ లొకేషన్ పెట్టేవాడు. బండి చిత్తూరు దాటిందంటే నేను కొట్లవాళ్లకు మెసేజ్ కొట్టేవాణ్ణి. ఎవరికి ఎన్ని బాక్సులో బండి రాకముందే తేలిపోయేది, గుంపు తగ్గేది. రైతువైపు మనిషి, డ్రైవరు, కొట్టువాళ్లు అందరూ ఒకే గ్రూపులో ఉండబట్టి అది నడిచింది.

అందుకే మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి: మీకు సరుకు వేసే మండీ ఆ యాప్‌లో ఉందా? లేకపోతే అది నెలనెలా డబ్బు కట్టే పద్దుపుస్తకం, అంతే. అలాగైనా ఒక లాభం ఉంది. రోజుకు ఉల్లి, బంగాళాదుంప ఎన్ని కిలోలు పోతున్నాయో చూపిస్తుంది. తుపాను హెచ్చరిక రాగానే ఆ లెక్కన మూడు రోజులది దింపుకోండి. ఆకుకూర తగ్గించండి.

డబ్బు సంగతికొస్తే, ఇంటర్నెట్ లేకున్నా *99# కొట్టి ఒక్కోసారి 5,000 రూపాయల దాకా పంపొచ్చు. కాకపోతే సిగ్నల్ ఉండాలి. టవరే ఆగితే అదీ లేదు. మండీ నంబర్లు, ఖాతాల బాకీలు వారానికోసారి నోటుబుక్కులోకి ఎక్కించండి. చిల్లర కూడా ఉంచుకోండి. మిచౌంగ్ అప్పుడు మా ఇంట్లో పాలు కొన్నది మా ఆవిడ పోపులపెట్టెలో దాచిన పది రూపాయల నోట్లతోనే. నా ఫోన్లో బ్యాలెన్స్ బోలెడుంది మరి!