ట్రైలర్ ప్రయాణం, పిస్టల్ పెట్టె: మామయ్య ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. జూన్‌లో ట్రక్కుకి క్యాంపింగ్ ట్రైలర్ (చక్రాల మీది చిన్న ఇల్లు) తగిలించుకుని డాలస్ నుంచి కొలరాడో వెళ్తున్నామనీ, పిస్టల్ ఎక్కడ పెట్టుకోవాలో చెప్పమనీ అడిగావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

అసలు దేనికి తీసుకెళ్తున్నావో ముందు తేల్చుకో. ఎలుగుబంట్ల కోసమైతే ఇంట్లో వదిలెయ్. కొలరాడోలో ఉన్నవి నల్ల ఎలుగులే. కూలరు, చెత్త సంచి, అక్క కట్టిచ్చే ఆవకాయ సీసా, ఆఖరికి టూత్‌పేస్ట్‌తో సహా వాసన వచ్చేవన్నీ క్యాంపుగ్రౌండ్‌లోని ఇనుప బాక్సులో పెట్టేస్తే వాటికి నీతో పని ఉండదు. దారిలో ధైర్యం కోసమైతే, ఆ ధైర్యంతో పాటు వారం రోజుల టెన్షన్ కూడా వస్తుందని తెలుసుకుని మరీ తీసుకెళ్లు. నన్నడిగితే ఇంట్లో సేఫ్‌లో ఉండటమే మేలు. నువ్వు వినవని తెలుసు కనక మిగతాది రాస్తున్నాను.

ఈ ప్రయాణంలో తుపాకీ కదలకూడదు, పెట్టె మాత్రమే కదలాలి. ఇంట్లోనే మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసి, ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే చోట) తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి, కేబుల్ లాక్ వేసి, చిన్న ఉక్కు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. తూటాలకి వేరే పెట్టె, దానికి వేరే తాళం. ట్రక్కులో ఆ పెట్టెని వెనక సీటు కింది ఇనుప బ్రాకెట్‌కి స్టీల్ కేబుల్‌తో కట్టు. రాత్రికి ట్రైలర్‌లో ఉండాలనిపిస్తే పెట్టెని పెట్టెలాగే తీసుకెళ్లి అక్కడ ఇంకో కొక్కేనికి తగిలించు. మూత మాత్రం తెరవకు. తుపాకీ పేలకూడనప్పుడు పేలేది చాలావరకు లోడ్ చేసేటప్పుడో, తీసేటప్పుడో, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడో. పైగా ట్రైలర్ గోడ అంటే ఏముంది? బయట పల్చటి ఫైబర్‌గ్లాస్, మధ్యలో ఫోమ్, లోపల ప్లైవుడ్ పలక. తూటాకి అది అప్పడంతో సమానం. పక్క సైట్‌లో టెంటు వేసుకుని పడుకున్నవాళ్ల దగ్గరికి పోతుంది.

దారి సంగతి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లలో చాలామందికి లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకునే వీలుంది కదా అని నిశ్చింతగా ఉన్నావేమో, ఆ వెసులుబాటు రాష్ట్రం దాటితే పనికిరాదు. అమరిల్లో మీదుగా వెళ్తే ముందు న్యూ మెక్సికో, రటోన్ కనుమ దాటగానే కొలరాడో. రాష్ట్రాలు దాటే ప్రయాణాలకి 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. బయల్దేరిన చోటా చేరే చోటా నీ దగ్గర ఉండటం చట్టబద్ధమైతే, తుపాకీలో తూటాలు లేకుండా, తుపాకీ గానీ తూటాలు గానీ సీట్లలోంచి చెయ్యి చాపితే అందకుండా ఉంటే మధ్య రాష్ట్రాల్లో ఇబ్బంది లేదు. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, డ్యాష్‌బోర్డులోని గ్లవ్ బాక్సూ, సీట్ల మధ్య కన్సోలూ లెక్కలోకి రావు. నీ ట్రక్కుకి డిక్కీ లేదు, కాబట్టి పెట్టె తప్పదు.

చేరే చోటు కూడా అనుకూలంగా ఉండాలన్నాను కదా. కొలరాడోలో 15 తూటాలకి మించి పట్టే మ్యాగజైన్‌పై 2013 నుంచి నిషేధం ఉంది. నీ నైన్ ఎంఎం పిస్టల్‌తో వచ్చింది 17 పట్టేది. టెక్సస్‌లో దాని గురించి ఎవరూ అడగరు, అక్కడ అదే కేసవుతుంది. ఇప్పుడే 15 ది కొనుక్కుని పాతది ఇంట్లో పెట్టు. 2025 జనవరి నుంచి ఇంకోటి కూడా వచ్చింది: మనుషులు లేని బండిలో పిస్టల్ వదిలితే అది గట్టి పెట్టెలో, తాళం వేసి, కంటికి కనబడకుండా ఉండాలి, బండికీ తాళం ఉండాలి. కొలరాడోలోని గ్రేట్ సాండ్ డ్యూన్స్ నేషనల్ పార్కులో పిల్లలు మెడానో వాగులో ఆడుకుంటున్నంతసేపూ నీ పెట్టె ఉండాల్సిన తీరు ఇదే. 2010 నుంచి నేషనల్ పార్కుల్లో ఆ రాష్ట్ర చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చు గానీ విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి తీసుకెళ్లకూడదు. ట్రయల్ ట్రిప్ డాలస్ దగ్గరి లావన్ లేక్‌కి అన్నావు కదా, అది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (సైన్యంలోని ఇంజినీర్ల విభాగం) వాళ్లది. లోడ్ చేసిన తుపాకీల మీద వాళ్లకి సొంత నిబంధనలున్నాయి. అక్కడికి అసలు తీసుకెళ్లకు.

ట్రైలర్‌లోనే వదిలేస్తే పోలేదా అంటావేమో. చట్టానికి సరిపోవచ్చు, దొంగకి అంతకన్నా బాగా సరిపోతుంది. నీ ట్రైలర్ బయటి సామాన్ల అర తాళంచెవి తీసి చూడు, దాని మీద సీహెచ్751 అని ఉంటే ఆశ్చర్యపోకు. దేశంలో లెక్కలేనన్ని ట్రైలర్లకి అదే తాళంచెవి, ఆన్‌లైన్‌లో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఆ అరలో నీళ్ల పైపు, బండి మట్టం చేసే చెక్కలు తప్ప ఇంకేం పెట్టకు. లోపల కొక్కేం బిగించేటప్పుడు కూడా జాగ్రత్త. బెంచీ ప్లైవుడ్‌కి స్క్రూలు కొడితే ఒక్క గుంజుకి ఊడి వస్తాయి. మంచం కింది ఇనుప ఫ్రేముకి బిగించు, లేదా నేల గుండా బోల్టు దించి కింద ఉక్కు పలక వెయ్యి. డ్రిల్ పెట్టే ముందు కింద దూరి నీళ్ల ట్యాంకు, కరెంటు వైర్లు, గ్యాస్ పైపు ఎక్కడున్నాయో చూడు. కేబుల్‌ని కట్టర్‌తో తెంపొచ్చు, నిజమే. చేతికి దొరికింది పట్టుకుపోయేవాణ్ణి ఆపడానికే అది. అందుకని పెద్ద సేఫ్ ఎక్కిస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. చిన్న ట్రైలర్‌కి బరువు లెక్క ముఖ్యం, ముందు హిచ్ (ట్రక్కుకి తగిలించే కొక్కెం) మీద పడేది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి.

ఇంకో సంగతి, వేలిముద్ర పెట్టెలు కొనకు. 2023 అక్టోబరులో అలాంటివి సుమారు 61,000 వెనక్కి పిలిపించారు. వేలిముద్ర నమోదైందని యజమాని అనుకున్నా ఎవరి వేలికైనా తెరుచుకునేవి. 12 ఏళ్ల పిల్లాడు పోయాడు. బటన్లు నొక్కే మెకానికల్ తాళం కొను, బ్యాటరీ గొడవ కూడా ఉండదు. ట్రైలర్‌లో చిన్నవాడి చెయ్యి అందని చోటంటూ లేదు, వాన పడితే వాడు ప్రతి అరా తెరిచి చూస్తాడు. దాచిపెట్టడం వేరు, తాళం వేయడం వేరు.

ఇక మన ఇళ్లలో ఎవరికీ తట్టని విషయం. అక్క, బావ విజిటర్ వీసా మీద వస్తున్నారు, నీ తోడల్లుడు హెచ్1బీ మీద ఉన్నాడు. అలాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ అది లాయర్‌ని అడగాల్సిన విషయం, నిన్నో నన్నో కాదు. కోడ్ వాళ్లకి చెప్పకు, పెట్టె మొయ్యమనకు. "ఒక్క ఫొటో బావా, వాట్సాప్‌లో పెడతా" అని తోడల్లుడు బతిమాలినా చేతికివ్వకు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాడి కొంప ఆ ఫొటోతో మునగొచ్చు.

లోపల వంట చేస్తే ఆవిరంతా గోడలకి పడుతుంది, పెట్టెలో ఫోమ్ ఆ చెమ్మని పట్టుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, పిస్టల్‌కి కాస్త నూనె రాసి బయల్దేరు.

సీరియల్ నంబరు ఫొటో తీసి అమ్మాయి ఫోన్‌కి కూడా పంపు. పోతే కొలరాడోలో 5 రోజుల్లోపు పోలీసులకి చెప్పాలి. తిరిగొచ్చాక ట్రైలర్‌ని స్టోరేజీ లాట్‌లోనో రిపేరు షాపులోనో పెట్టే ముందు ఆ కొక్కేం దగ్గర ఏమీ మిగల్లేదని చూసుకో, విడి తూటా అయినా సరే.

శనివారం ట్రైలర్ తీసుకుని రా. డ్రిల్, బోల్టులు నా దగ్గరున్నాయి, పెట్టె నువ్వు కొను. భోజనం ఇక్కడే.

మీ మామయ్య