ఇంట్లో ఉండి చదివే పాపకి 529 డబ్బు తిండికి వాడొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పాప యూటీ డాలస్‌లో కంప్యూటర్ సైన్స్ చేరింది, ఇంటి నుంచే వెళ్లొస్తుంది. తను పుట్టిన ఏడాది నుంచి 529 ప్లాన్‌లో (చదువు ఖర్చుకి వాడితే లాభం మీద ట్యాక్స్ పడని పొదుపు ఖాతాలో) వేసిన డబ్బు ట్యూషన్ పోను మిగిలేలా ఉంది. తిండికీ, తన కారుకీ అందులోంచి తీయొచ్చా? నెలకి వెయ్యి డాలర్లు మాకే అద్దె ఇస్తున్నట్టు చూపించమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: తిండికి తీయొచ్చు. కారుకి కుదరదు. అద్దె ఐడియా మాత్రం మీ ఫ్రెండ్‌నే ఉంచుకోమనండి.

పాప కనీసం హాఫ్ టైమ్ చదువుతుంటే, అంటే మామూలుగా సెమిస్టర్‌కి 6 క్రెడిట్లు ఉంటే, ఇంట్లో ఉన్నా భోజనం ఖర్చు చెల్లుతుంది. కాకపోతే దానికో హద్దుంది. ప్రతి కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ కోసం 'కాస్ట్ ఆఫ్ అటెండెన్స్' లెక్క, అంటే అక్కడ ఏడాది చదువుకి మొత్తం ఎంతవుతుందన్న అంచనా, వేస్తుంది. డార్మ్‌లో ఉండేవాళ్లకి ఒక అంకె, అమ్మానాన్నల దగ్గర ఉండేవాళ్లకి ఇంకో అంకె. మీది రెండోది, సాధారణంగా బాగా తక్కువ. డార్మ్ అంకె చూసి డబ్బు తీసేసి, తర్వాత టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. సైట్‌లో దొరక్కపోతే ఎయిడ్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టండి, జవాబు దాచుకోండి.

అలాగని ఆ అంకె మొత్తం మీదే అనుకోకండి. నిజంగా ఖర్చయింది తక్కువైతే అంతే తీయాలి. మరి 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలో పాప తిన్నదెంత? నేనైతే ఇంట్లో నలుగురుంటే నెల సరుకుల బిల్లులో నాలుగో వంతు రాసుకోమంటాను. క్యాంపస్‌లో తినే మధ్యాహ్నం భోజనానికి విడిగా ఒక కార్డు ఇవ్వండి, స్టేట్‌మెంటే రుజువుగా ఉంటుంది. డిసెంబర్‌లో కొన్న సరుకులకి జనవరిలో డబ్బు తీయొద్దు. ఖర్చూ, విత్‌డ్రాయలూ ఒకే క్యాలెండర్ ఏడాదిలో పడాలి.

అద్దె సంగతికొస్తే, పాప గది ఎప్పటి నుంచో ఉన్నదే, దానికి మీకు కొత్త ఖర్చేం లేదు. తను నిజంగా అద్దె ఇస్తే అది మీ ఆదాయం, రిటర్న్‌లో చూపాలి. ఇవ్వకుండా ఇచ్చినట్టు రాస్తే దాన్నేమంటారో మీకు తెలుసు. చెల్లని ఖర్చుకి తీస్తే లాభం భాగం మీద ఇన్‌కమ్ ట్యాక్స్, దానిపైన 10 శాతం అదనం. మీరు వేసిన అసలు మీద ఏమీ పడదు.

ఇంకోటి. మీ ఇద్దరి ఆదాయం కలిపి 1,60,000 డాలర్ల లోపైతే, ట్యూషన్, పుస్తకాల్లో మొదటి 4,000 డాలర్లు జేబులోంచి కట్టండి. కాలేజీ ఖర్చుకి ట్యాక్స్‌లో తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ 2,500 డాలర్ల దాకా వస్తుంది. 529తో కట్టిన ఖర్చుకి ఆ క్రెడిట్ రాదు. తిండికి ఎలాగూ రాదు కాబట్టి 529ని దానికి వదలండి. 1,60,000 నుంచి 1,80,000 మధ్య క్రెడిట్ తగ్గుతూ పోతుంది, ఆపైన లేదు. ఇద్దరూ ఐటీలో సీనియర్లైతే ఈ పేరా మర్చిపోండి.

అసలు 529ని ఖాళీ చేయాలన్న తొందర దేనికి? మాస్టర్స్‌కి ఉంచొచ్చు. తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల పేరుకి మార్చొచ్చు. అకౌంట్ తెరిచి 15 ఏళ్లు దాటింది కాబట్టి, పాపకి జీతం మొదలయ్యాక ఏటా కొంత చొప్పున మొత్తం 35,000 డాలర్ల దాకా తన రాత్ ఐఆర్‌ఏకి (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతాకి) మళ్లించొచ్చు. 2024 నుంచి ఈ వీలుంది.

రెండో ఏడాది క్యాంపస్‌లో ఉంటావా అని పాపని ఒకసారి అడగండి. రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే క్లబ్ మీటింగులు, హ్యాకథాన్‌లు ఇంటి నుంచి వెళ్లొచ్చేవాళ్లకే ముందు తప్పిపోతాయి. ఇంటర్న్‌షిప్ కబుర్లు తిరిగేది అక్కడే. తను సరేనంటే యూనివర్సిటీ హౌసింగ్ బిల్లు ఎంతైతే అంత 529లోంచే కట్టేయొచ్చు.